ఎడారిలో కుటుంబం ఎవరికి? (వలస బతుకులు – 9వ భాగం)



పోయిన వారం పాస్‌పోర్టు మీద పడే ముద్ర గురించి రాశాను. అది చదివి కువైట్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఎప్పుడూ కష్టాలేనా? ఇక్కడ మేం పెళ్ళాం బిడ్డలతో సంతోషంగా కూడా ఉన్నాం కదా. అది కూడా రాయి" అన్నాడు.

న్యాయమైన మాటే. నేనూ అక్కడ ఏడేళ్ళు పెళ్ళాం బిడ్డతో కాపురం చేసినవాడినే. 2017 నుంచి 2024 దాకా అబ్బాసియాలో ఉన్నాం. అందుకని ఈ వారం ఆ సంతోషం గురించే రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

ఎడారి అనగానే మనవాళ్ళకి ఒంటెలు, ఇసుక తప్ప ఇంకేం గుర్తురావు. మా అబ్బాసియా అలా ఉండదు. సగం మలయాళీలు, మిగతా సగంలో మనమూ, తమిళులూ, ఉత్తరాదివాళ్ళూ. కిందకి దిగితే కరివేపాకు, మునక్కాయలు, గోంగూర దొరుకుతాయి. పొద్దున్నే స్కూలు బస్సులు బారులు తీరతాయి. ఎండాకాలంలో యాభై డిగ్రీల దాకా వెళుతుంది. మధ్యాహ్నం పూట కుళాయి తిప్పితే మరిగే నీళ్ళు వస్తాయి, స్నానానికి ముందు రోజు రాత్రే బకెట్లు పట్టుకుని చల్లారబెట్టుకునేవాళ్ళం. చలికాలం మాత్రం పండగే. శుక్రవారం పొద్దున చర్చి, మధ్యాహ్నం సముద్రం ఒడ్డున చాప పరుచుకుని బిర్యానీ. పాప ఇసుకలో ఆడుకుంటుంటే మా ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పెద్దకూర కొనుక్కుని సంచి ఊపుకుంటూ ఇంటికి నడిచి రాగలిగిన ఊరు నా జీవితంలో అదొక్కటే. ఏ కొట్టువాడూ నన్ను ఎగాదిగా చూడలేదు. ఆ స్వేచ్ఛ విలువ తెలిసినవాళ్ళకి తెలుస్తుంది.

కానీ అదే ఊళ్ళో, వెళ్ళిన కొత్తలో, రెండు గదుల ఫ్లాట్‌లో ఒక గది అద్దెకి ఉందంటే చూడ్డానికి వెళ్ళాం. తెలుగువాళ్ళే. టీ ఇచ్చారు. మా ఊరడిగారు, ఇంటిపేరడిగారు. ఇంటిపేరుతో తేలలేదేమో, "ఇంతకీ మీరేవిట్లండీ?" అని అడిగేశారు. చెప్పాను. మర్నాడు ఫోన్ చేసి "మా తోడల్లుడు వస్తున్నాడండీ, గది ఇవ్వలేం" అన్నారు. ఆ గది తర్వాత రెండు నెలలు ఖాళీగానే ఉంది. ఎడారిలో చెట్టు మొలవకపోయినా కులం మొలుస్తుంది. దానికి నీళ్ళు అక్కర్లేదు.

సరే, ఇప్పుడు అసలు విషయం.

కువైట్‌లో కుటుంబం అనేది చుట్టరికంతో రాదు, నెంబరుతో వస్తుంది. కంపెనీ పనివాళ్ళది 18వ నెంబరు వీసా. ఇళ్ళలో పనిచేసేవాళ్ళది 20వ నెంబరు. 18 మీద ఉన్నవాడు తగినంత జీతం చూపిస్తే పెళ్ళాం బిడ్డల్ని 22వ నెంబరు మీద తెచ్చుకోవచ్చు. ఆ "తగినంత" ఎంత? నేను కాగితాలు పెట్టుకున్నప్పుడు 450 దినార్లు. నా జీతం 470. ఇరవై దినార్ల తేడాతో గట్టెక్కాను. 2019లో దాన్ని 500 చేశారు. 2022లో కుటుంబ వీసాలే ఆపేశారు. మళ్ళీ 2024 జనవరిలో తెరిచినప్పుడు 800 దినార్లు కావాలన్నారు, డిగ్రీ కూడా ఉండాలన్నారు. డిగ్రీ షరతు ఆ ఏడాది జులైలో తీసేశారు గానీ జీతం షరతు ఉండిపోయింది.

ఒక్క కువైటే కాదు. సౌదీలో 2017 జులై నుంచి కుటుంబ సభ్యుల మీద తలపన్ను పెట్టారు. తలకి నెలకి 100 రియాళ్ళతో మొదలై, ఏటా వంద పెరిగి 400కి చేరింది. భార్యా ఇద్దరు పిల్లలూ ఉంటే నెలకి 1200 రియాళ్ళు కుటుంబం ఉన్నందుకే కట్టాలి. ఎంతమంది మనవాళ్ళు అప్పుడు పెళ్ళాం బిడ్డల్ని విమానం ఎక్కించి, తాము మళ్ళీ బ్యాచిలర్ గదుల్లోకి మారారో సౌదీలో ఉన్నవాళ్ళని అడగండి.

ఇప్పుడు 20వ నెంబరు సంగతి. ఇంటి పనివాళ్ళ కోసం కువైట్ 2015లో 68వ నెంబరు చట్టం చేసింది. వారానికో రోజు సెలవు, రోజుకి పన్నెండు గంటలకి మించకుండా పని, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు అని రాసింది. అమలు సంగతి వేరే వారం మాట్లాడుకుందాం గానీ, రాయడం మంచిదే. 2016లో కనీస జీతం 60 దినార్లు అని తేల్చింది.

60 ఎక్కడ, 800 ఎక్కడ. ఆమె పదమూడు నెలలు పనిచేసి, ఒక్క ఫిల్సు ఖర్చు పెట్టకుండా దాచినా, కుటుంబం ఉండడానికి ఒక నెలలో చూపించాల్సిన జీతం అంత కాదు. అయినా ఆ లెక్క కూడా అనవసరం. ఆ నెంబరు మీద వచ్చిన మనిషికి భర్త ఉంటాడని, బిడ్డలుంటారని ఆ వీసా అనుకోదు.

మరి 22వ నెంబరు కుటుంబాల ఇళ్ళు సర్దేది, కువైటీల బిడ్డల్ని ఎత్తుకుని తిప్పేది ఎవరు? ఆ 20వ నెంబరు ఆడవాళ్ళే. అందరి కుటుంబాల్నీ నిలబెట్టే మనిషికి ఆ దేశంలో కుటుంబం లేదు.

ఇదంతా నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. మా అమ్మ 1993లో కువైట్ వెళ్ళింది. అప్పటికి నాకు ఏడేళ్ళు, చెల్లికి మూడు. మా రాజోలు వైపు నాట్లకి వెళితే ఆడమనిషికి రోజుకి 15 రూపాయలు. కువైట్‌లో 30 దినార్లు, అంటే నెలకి మూడు వేలు. మా పేటలో అప్పటికే నలుగురు వెళ్ళారు. ఏజెంటుకి ఇవ్వడానికి నూటికి ఐదు వడ్డీకి అప్పు తెచ్చి వెళ్ళింది.

2009లో పూర్తిగా వచ్చేసింది. ఆ పదహారేళ్ళలో ఐదుసార్లు ఇంటికి వచ్చింది. వచ్చినప్పుడల్లా రెండు నెలలు. ఎన్నిసార్లు కూడినా పది నెలలే అవుతుంది. నా ఏడేళ్ళ వయసు నుంచి ఇరవై మూడేళ్ళ వయసు దాకా మా అమ్మతో నేను ఉన్నది పది నెలలు.

మొదటిసారి నాలుగేళ్ళకి వచ్చింది. టాక్సీ దిగితే చెల్లి మామ్మ వెనక్కి వెళ్ళి దాక్కుంది. "అమ్మే, మీ అమ్మే" అని మామ్మ ముందుకి తోస్తే ఏడ్చింది. అమ్మ పెట్టె విప్పి నీడో పాలడబ్బా, బొమ్మ, గౌను చూపించింది. చెల్లి బొమ్మ తీసుకుని మళ్ళీ మామ్మ దగ్గరికే వెళ్ళింది. ఆ రాత్రి అమ్మ అరుగు మీద కూర్చుని ఉండడం నాకు గుర్తుంది. నేను దగ్గరికి వెళ్ళలేదు. నాకూ కొత్తే.

మధ్యలో క్యాసెట్లు వచ్చేవి. ఊరు నుంచి ఎవరైనా వెళుతుంటే మేమూ మాటలు రికార్డు చేసి పంపేవాళ్ళం. నాకు పాలపళ్ళు ఊడిన సంగతి అమ్మ క్యాసెట్‌లో వింది. తను పెంచిన ఆ ఇంటి చిన్నబాబుకి మాత్రం మొదటి పన్ను ఏ రోజు వచ్చిందో కూడా చెబుతుంది ఇప్పటికీ. వాడికి పాడిన అరబ్బీ జోల ఇప్పటికీ వచ్చు. నాకు ఏం జోల పాడిందో అడిగితే "మర్చిపోయాన్రా నాన్నా" అంది.

ఆ డబ్బుతో మా తాటాకిల్లు స్లాబు ఇల్లయింది. నేను పాలిటెక్నిక్ చదివాను. చెల్లి టీచర్ ట్రైనింగ్ చేసింది. మా పేట సెంటర్లో బాబాసాహెబ్ విగ్రహానికి చందా పుస్తకం తిరగేస్తే సగం పేర్లు కువైట్ ఆడవాళ్ళవే. 2022 మేలో జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టొద్దని అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టినప్పుడు కువైట్‌లో ఎంతమంది ఆడవాళ్ళు వంటింట్లో ఫోన్ చూస్తూ ఏడ్చారో నాకు తెలుసు. ఆ జిల్లా మీద వాళ్ళ చెమట ఉంది మరి.

అలాంటి ఆడవాళ్ళ గురించి ఊళ్ళో ఏమన్నారు? గట్టు మీద కామందు మా నాన్నని పదిమందిలో "ఏరా, మీ ఆవిడ షేకు దగ్గర కులాసాగా ఉందా?" అని అడిగేవాడు. మా నాన్న తల దించుకుని గడ్డి కోసుకునేవాడు. ఆ ఎగతాళి వెనక అసలు మంట వేరు. మా ఆడవాళ్ళు వెళ్ళిపోయాక ఆయన చేలో 15 రూపాయలకి వంగేవాళ్ళు తగ్గిపోయారు. అదీ సంగతి.

ఇప్పుడు ఆ మాట కామందులు అనడం లేదు, చదువుకున్నవాళ్ళు అంటున్నారు. "డబ్బు కోసం బిడ్డల్ని వదిలేసి వెళ్ళిపోతారు, పిల్లలు పాడైపోతున్నారు" అని. మనలో కూడా కొందరు అంటున్నారు. బాబాసాహెబ్ 1920 నుంచి 1923 దాకా లండన్‌లో చదువుకుంటుంటే రమాబాయి తల్లి బొంబాయిలో పేదరికంతో సంసారం ఈదుకొచ్చింది. ఆ ఎడబాటుని మనం త్యాగం అంటాం. మరి మా అమ్మ ఎడబాటుకి వేరే పేరెందుకు పెడతారు?

ఇక్కడ ఒక రూలు గురించి చెప్పాలి. పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని ఉంటుందని పోయిన భాగంలో రాశాను. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నడిచే వ్యవస్థ అది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్ పనికి వెళ్ళే ఆడమనిషికి 30 ఏళ్ళు నిండాలి. చిన్నపిల్లల్ని మోసం చేసి తీసుకెళ్ళకుండా పెట్టిన రక్షణ అంటారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ మా పేటల్లో 30 నిండిన ఆడమనిషి అంటే ఎవరు? ఇద్దరు ముగ్గురు బిడ్డల తల్లి. అంటే పెళ్ళికాని పిల్ల వెళ్ళకూడదు, బిడ్డల తల్లి వెళ్ళొచ్చు. తల్లి అయ్యాకే వెళ్ళమని చెప్పే ప్రభుత్వం, ఆ బిడ్డలు ఏమవుతారని ఏ కాగితంలోనూ అడగదు.

చట్టంలో ఎక్కడా కులం పేరు లేదు. కువైట్ వీసాలో అసలే లేదు. కానీ పదో తరగతి పాసవని మనిషి ఎవరు, భూమి లేని మనిషి ఎవరు, అప్పు చేసి విమానం ఎక్కే మనిషి ఎవరు అని మా జిల్లాలో వెతుక్కుంటూ వెళ్ళండి. ఆ దారి మాల పేటకో, మాదిగ పేటకో చేరుతుంది. అక్కడి నుంచి నేరుగా 20వ నెంబరుకి.

2018 డిసెంబరులో అమ్మని విజిట్ వీసా మీద కువైట్ తీసుకెళ్ళాను. ముందు రానంది. "ఆ దేశంలో ఊరికే కూర్చోడం నాకు తెలీదురా" అంది. మనవరాలి మొహం చూసి ఒప్పుకుంది.

ఒకరోజు అవెన్యూస్ మాల్‌కి వెళ్ళాం. నేను గొప్పగా చూపిస్తుంటే, "ఇక్కడికి చాలాసార్లు వచ్చాను, పిల్లాడి బండి తోసుకుంటా" అంది. భోజనానికి కూర్చున్నాం. ఆర్డర్ చెప్పి తలెత్తేసరికి అమ్మ కుర్చీలో లేదు. పాప కుర్చీ వెనక నిలబడి ఉంది. రెండు బల్లల అవతల ఒక కువైటీ కుటుంబం తింటోంది, వాళ్ళ పనమ్మాయి కూడా అలాగే పిల్లాడి వెనక నిలబడి ఉంది.

"అమ్మా, కూర్చో" అన్నాను.

"నువ్వు తిను నాన్నా. నేను పిల్లని చూస్తాను."

"అమ్మా, నువ్వు ఇక్కడ పని చెయ్యడానికి రాలేదు. కూర్చో."

కూర్చుంది. కానీ కుర్చీ అంచునే కూర్చుంది. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచి కొడుకునని మీరనుకుంటారు. అందుకే తర్వాతది కూడా చెప్పాలి.

2019లో మా ఆవిడకి క్లినిక్‌లో రాత్రి డ్యూటీలు పడ్డాయి. పాపని చూడ్డానికి ఒకామెని పెట్టుకున్నాం. పాలకొల్లు వైపు ఆమె. అరబ్బు ఇంట్లో జీతం ఇవ్వక, కొట్టడం భరించలేక బయటికి వచ్చేసింది. అంటే అక్కడి భాషలో ఖల్లివల్లి. అకామా లేదు. మనూరి మనిషి, మన మనిషి అనుకున్నాం. జీతం సరిగానే ఇచ్చాం. మాతోపాటే కూర్చుని తినేది.

ఆమెకి ఊళ్ళో ఎనిమిదేళ్ళ కొడుకు. వాడు స్కూలు నుంచి వచ్చే టైముకి వీడియో కాల్ చేసేది. అప్పుడు అక్కడ మధ్యాహ్నం, మా పాప భోజనం వేళ. ఒకరోజు నేను త్వరగా వచ్చాను. పాప ముందు కంచం, అన్నం ఎండిపోయి ఉంది. ఆమె ఫోన్‌లో కొడుక్కి ఎక్కాలు చెప్పిస్తోంది. నాకు కోపం వచ్చింది. "పని టైములో ఫోనేంటమ్మా?" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేసి కంచం అందుకుంది.

రాత్రి అమ్మతో మాట్లాడుతూ ఆ సంగతి చెప్పాను, ఫిర్యాదు లాగానే. అవతల కాసేపు మాట లేదు. తర్వాత అమ్మ అంది. "నా మామా కూడా ఇదే మాట అనేదిరా." అక్కడ ఇంటి యజమానురాల్ని మామా అని పిలుస్తారు.

మా అమ్మని పదహారేళ్ళు బాధపెట్టిన మాట నా నోట్లోంచి వచ్చింది. కామందు నోట్లోంచి కాదు, షేకు నోట్లోంచి కాదు. జై భీమ్ అనే నా నోట్లోంచి.

మర్నాడు ఆమెకి క్షమాపణ చెప్పాను. "పర్లేదు బాబూ" అంది. ఆ రోజు నుంచి ఆ ముప్పావుగంట ఆమెది, పాప కంచం నాదో మా ఆవిడదో. డ్యూటీలు సర్దుకున్నాం, ఏమీ కొంప మునగలేదు. 2020 ఏప్రిల్‌లో కువైట్ ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడు ఆమె పేరు రాయించుకుంది. కరోనా వల్ల విమానాలు లేక క్యాంపులో వారాల తరబడి పడుండి, చివరికి కొడుకు దగ్గరికి చేరింది.

ఇదంతా చెప్పింది మనసు కరగడానికి కాదు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఎడారిలో మన కుటుంబ జీవితం మన ప్రతిభకి దక్కిన బహుమతి కాదు. జీతం గీతకి అటూ ఇటూ ఉన్న తేడా. ఆ గీత కింద ఉండిపోయినవాళ్ళు మన అమ్మలు, అక్కలు. గీత దాటినవాళ్ళం వాళ్ళకి బాకీ ఉన్నాం.

ఆ బాకీ ఎలా తీరుద్దాం?

ఒకటి. ప్రభుత్వాన్ని లెక్క అడుగుదాం. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ తల్లి గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఎంతమంది, ఎవరి దగ్గర పెరుగుతున్నారు, బడికి వెళుతున్నారా అని మండలం వారీగా లెక్క తీయించాలి. డాలర్లు, దినార్లు ఎంత వచ్చాయో లెక్కపెట్టేవాళ్ళకి పిల్లల్ని లెక్కపెట్టడం కష్టం కాదు. అంబేడ్కర్ గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్ళలో ఆ పిల్లలకి ముందు సీటివ్వాలి.

రెండు. 2021 జూన్‌లో ఇంటి పనివాళ్ళ నియామకం మీద భారత్, కువైట్ అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. ఇలాంటి ఒప్పందాల్లో తల్లిని తల్లిగా గుర్తించాలి. రోజూ బిడ్డలతో మాట్లాడుకునే గంట, ఏడాదికోసారి జీతంతో ఇంటికొచ్చే సెలవు, టిక్కెట్టు పనికాగితంలోనే రాయించాలి. వలస కార్మికుల కుటుంబం విడిపోకుండా కాపాడాలని ఐక్యరాజ్యసమితి 1990 ఒడంబడిక 44వ అధికరణ చెబుతోంది. దాన్ని కువైట్ ఒప్పుకోలేదు. మన దేశమూ ఒప్పుకోలేదు. పంపేవాళ్ళమే ఒప్పుకోకపోతే పిలిచేవాడిని ఏ మొహంతో అడుగుతాం?

మూడు. ఇది మన కోసం. అక్కడ కుటుంబాలతో ఉన్న మనవాళ్ళు జయంతులకి హాలు తీసుకుని, పిల్లల చేత డాన్సులు చేయిస్తున్నారు. మంచిదే. ఆ హాల్లో ముందు వరస కుర్చీలు 20వ నెంబరు ఆడవాళ్ళకి వెయ్యండి. సెలవున్న శుక్రవారం మాలియాలో రోడ్డు పక్క గంటలు గంటలు నిలబడి మాట్లాడుకునే అక్కల్ని మీ ఇంటికి భోజనానికి పిలవండి. పని చేయించుకోడానికి కాదు, చుట్టంగా. మీ ఇంట్లో ఎవరైనా పనికి ఉంటే, ఆమె బిడ్డ ఫోన్ చేసే టైము ఎప్పుడో కనుక్కోండి. ఆ టైముకి మీ బిడ్డకి మీరు అన్నం పెట్టండి.

మొన్న ఆదివారం అమ్మ మా పాపకి జడ వేస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. అరబ్బీదే. పాప అడిగింది, "మామ్మా, నాన్నకి కూడా ఇదే పాడావా?" అని.

"మీ నాన్నకి పాడే టైము దొరకలేదమ్మా" అంది అమ్మ.

ఆ టైము ఎవరు తీసుకున్నారు, ఎంతకి తీసుకున్నారు అనేది మనం అడగాల్సిన ప్రశ్న.

వచ్చే భాగంలో, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ శవం ఇంటికి రావడానికి ఎన్ని సంతకాలు కావాలో రాస్తాను. మీ ఇంట్లో కువైట్ అమ్మ ఉంటే, ఆమె ఎన్నేళ్ళు వెళ్ళిందో, ఎన్ని నెలలు ఇంట్లో ఉందో కింద రాయండి. పేరు రాయక్కర్లేదు. ఆ రెండు అంకెలు చాలు.

జై భీమ్.